పెళ్లిబెండు

అంకాలమ్మ మా కొట్టు మెట్లెక్కిందంటే పెళ్లిళ్ల కాలం దగ్గరపడినట్టే. నెత్తిన గోనెసంచి మూట, చేతిలో పొడుగాటి సన్నకత్తి. ఆ కత్తిని చూసి కొత్త బేరగాళ్లు ఒకడుగు వెనక్కి వేస్తారు. ఆమె మాత్రం బెంచీ మీద దర్జాగా కూర్చుని మజ్జిగ అడుగుతుంది. అల్లూరు బజారులో మాది పెళ్లి సామాన్ల కొట్టు. మామగారి తరువాత నేనే నడుపుతున్నాను. తెరసెల్లా నుంచి తలంబ్రాల పళ్లెం దాకా అన్నీ ఎక్కడెక్కడి నుంచో వస్తాయి. బాసికాలు మాత్రం సముద్రం ఒడ్డున ఉన్న నడిమిపాళెం నుంచి, అంకాలమ్మ చేతి మీదుగా వస్తాయి.

థర్మాకోల్ బాసికాలు కూడా నా కొట్టులో ఉన్నాయి, దాచడమెందుకు. అట్టపెట్టెల్లో దిగుతాయి, చమ్కీలతో మెరుస్తాయి. ముహూర్తం వేళకు పెళ్లికొడుకు నుదుట చెమట పట్టిందా, రంగు కారి ముక్కు మీదికి వస్తుంది. అయినా జనం వాటినే అడుగుతారు. మెరిసేదంటే మనవాళ్లకు అంత మోజు.

అంకాలమ్మవి జీలుగుబెండు బాసికాలు. పొలాల్లో పచ్చిరొట్ట ఎరువుకు చల్లే జీలుగ కాదు, చెరువులో తనంతట తాను మొలిచే నీటిజీలుగ. చిత్రమైన మొక్క అది. నీళ్లు తక్కువగా ఉంటే పుల్లలా గట్టిగా, సన్నగా పెరుగుతుంది. నీళ్లు పెరిగేకొద్దీ, మునిగినంత మేర కాండానికి తెల్లటి మెత్తటి బెండు పట్టి లావెక్కుతుంది. పైన ఉన్న భాగం మాత్రం ఎప్పటిలా సన్నగానే ఉంటుంది. నీరు కొలది తామర అంటారు గాని, తామర కాడ పొడుగు సాగుతుంది, అంతే. జీలుగ ఏకంగా ఒళ్లే మార్చుకుంటుంది.

నడుము లోతు నీళ్లలో దిగి ఆ మొక్కల్ని పీకి, మునిగిన భాగాన్ని కోసి, నీడన ఆరబెడుతుంది అంకాలమ్మ. తరువాత కత్తి ఆనించి బెండును తిప్పుతూ పోతే కాగితంలాంటి పొర చుట్టలు చుట్టలుగా ఊడివస్తుంది. ఆమె ఎడమ బొటనవేలి మీద నిలువునా ఒక మచ్చ ఉంది. చిన్నప్పుడు వాళ్లమ్మ దగ్గర నేర్చుకుంటూ కోసుకున్నదట.

"కత్తి కదలగూడదమ్మా, బెండే తిరగాల. నేను కత్తిని కదిలించినా. ఆ పొద్దు మాయమ్మ నా యేలికి కట్టు కట్టకముందే ఇంకో బెండు చేతికిచ్చింది" అంటుంది, అదొక గొప్పలాగా.

పాళెంలో బాసికానికి ఇంకో పని కూడా ఉంది. పదహారు రోజుల పండగ నాడు, పెళ్లికొడుకు బాసికంలోని నడిమి బెండుముక్కను తీసి, పెళ్లికూతురు దాన్ని మగడి వల పైతాడుకు కడుతుంది. దాన్ని పెళ్లిబెండు అంటారు. ఇప్పుడు వలలన్నిటికీ ప్లాస్టిక్ బెండ్లే, ఆ ఒక్కటి మాత్రం చెరువుది. అది తేలుతున్నంత కాలం మగవాడు ఒడ్డు చేరతాడని వాళ్ల నమ్మకం. పాతబడి నీరు తాగితే కొత్తది కట్టాలి. కట్టేది భార్యే. బెండు పీకడం నుంచి కట్టడం దాకా ఆ పనిలో మగవాళ్లు చెయ్యి పెట్టకూడదు.

అంకాలమ్మ మగడు రమణయ్య ఎన్ని తుఫాన్లు వచ్చినా ఇల్లు చేరిన మనిషి. "ఆయన ఈతలో మొనగాడు గదక్కా" అని నేనొకసారి అంటే నన్ను ఎగాదిగా చూసింది.

"ఈత ఈతే, బెండు బెండే" అని మజ్జిగ గ్లాసు కింద పెట్టింది.

ఒక ఏడు ఈశాన్యపు వానలు మొహం చాటేశాయి. ఆమె బెండు పీకే కొమ్మల చెరువులో నీళ్లు మోకాలు దాటలేదు. అంకాలమ్మ మూట విప్పితే బెండు చిటికెన వేలంత ఉంది. ఆమె మొహం ఇంకా సన్నబడింది. ఎందుకంటే కొడుకు గణేష్‌కు అప్పుడే సంబంధం కుదిరింది. పిల్ల పేరు వెన్నెల, పులికాట్ ఒడ్డు పాళెం పిల్ల, తడ దగ్గర కంపెనీలో పని చేస్తుంది. ట్రైనింగు అయ్యాక వచ్చే మాఘంలో పెళ్లి అనుకున్నారు.

"ఊరందరి పెండ్లిండ్లకూ బాసికాలు చేసినా. నా కొడుకు దానికి ఈ పుల్లలా?" అంది. "వచ్చే ఏటికి నాకు చెయ్యంత లావు బెండు కావాల. ఒకటే ముక్కలో నడిమి బెండు తియ్యాల. అది నా బిడ్డ ఉన్నన్నాళ్లూ తేలాల."

అదృష్టమో కాదో గాని, ఆ ఏడు ఎగువన ఎక్కడో మంచి వానలు పడి, కోతలు కాకముందే పెద్దకాలువకు నీళ్లు వదిలారు. పొలాలకు కాలువ నీళ్లు సరిపోయాయి, చెరువు కూడా నిండింది. అంకాలమ్మకు అప్పుడే ఆ ఆలోచన పుట్టింది. చెరువు కింది రైతులకు పెద్ద పద్మనాభయ్యగారు. ఆయన కూతురి పెళ్లికి బాసికాలు ఈమే చేసింది. ఆ చనువుతో ఆయన ఇంటికి పోయి వాకిట్లో నిలబడింది.

"అయ్యా, ఈ ఎండాకాలం తూము ఎత్తబాకండి. నీళ్లట్టే ఉండనీండి. ఉన్న నీళ్ల మీద మళ్లా వాన నీళ్లు పడితే బెండు బలంగా వస్తాది."

లెక్క సరిగ్గా ఉన్నట్టే ఉంది. బెండు లావయ్యేది నీళ్లకే. మరి ఎక్కువ నీళ్లుంటే ఎక్కువ బెండు కాక ఏమవుతుంది? తోడు పోయిన నేను కూడా తల ఊపాను. పద్మనాభయ్యగారికి కూడా ఆ మాట నచ్చింది. "దానికేముంది అంకాలమ్మా, నిండు చెరువు ఊరికే అందం" అన్నారు. తూము మూసేశారు.

ఆ వేసవి ఊరు ఊరంతా మురిసిపోయింది. రోహిణి ఎండల్లో కూడా కొమ్మల చెరువు నీలంగా నిండి ఉంది. గొడ్లు మెడల దాకా దిగి పడుకున్నాయి. చుట్టుపక్కల బోర్లలో నీళ్లు పైకి వచ్చాయి. నరేంద్రబాబు అనే కుర్ర రైతు చెరువు చేపల్ని వేలంలో పాడుకుని చేపపిల్లల్ని వదిలాడు. దారిన పోయేవాళ్లు బండి ఆపి ఫోటోలు తీసుకున్నారు. అల్లూరులో చేపలు అమ్ముకుని పోతూ అంకాలమ్మ గంప దించుకుని కట్ట మీద కూర్చుని ఆ నీళ్లను చూసేది, పిల్లకు జడ వేసి తిప్పి చూసుకునే తల్లిలాగా. ఇదంతా తన పుణ్యమేనని పాళెంలో చెప్పుకుంది కూడా. చెప్పుకోవడంలో తప్పేముంది?

వానలు మొదలయ్యాయి. జీలుగ కనపడలేదు.

మొదట నీళ్ల కింద ఉందేమో, పైకి వస్తుందిలే అనుకుంది. తరువాత నన్ను కూడా వెంటబెట్టుకుని చెరువు కట్ట పొడుగునా నడిచింది. తామర కాడలు నీళ్లతో పోటీపడి సాగాయి, ఆకులు పైన తేలుతున్నాయి. జమ్ము కోటలా లేచింది. గుర్రపుడెక్క ఒక మూల నుంచి కమ్ముకొస్తోంది. ఏ మొక్క దారి అది చూసుకుంది. పసుపు పూలు, ముట్టుకుంటే ముడుచుకునే చిన్నాకుల జీలుగ మాత్రం ఎక్కడా లేదు.

పడమటి అంచున, చెరువు మేట వేసిన చోట, ఆమె ఠక్కున ఆగిపోయింది. అక్కడ నాలుగు జీలుగ మొక్కలు పుల్లల్లా నిలబడి ఉన్నాయి. అంకాలమ్మ వంగి వాటి మొదట్లో మట్టిని వేళ్లతో కెలికింది.

"ఏందక్కా?" అన్నాను.

"ఈడ ఎండింది సుప్రియమ్మా. ఎండాకాలం నీళ్లు ఇంకిపోయి, ఈ చారెడు నేల బయటపడింది. ఈడ మాత్రమే మొలిచింది."

నాకు అర్థం కాలేదు. ఆమె కట్ట మీద చతికిలపడి చెప్పింది. ప్రతి వేసవిలో చెరువు ఎండి, బురద నెర్రెలు విచ్చేది. పిల్లకాయలు అందులో క్రికెట్టు ఆడేవాళ్లు. జీలుగ కాయలు ముక్కలు ముక్కలుగా విరిగి, తేలి, ఆ నెర్రెల్లో పడేవి. తొలి జల్లులకు ఆ బీటల వెంబడి పచ్చగా గీత గీసినట్టు మొలిచేవి. నీళ్లు వచ్చేసరికి మొక్క జానెడు ఎత్తుండేది. అక్కడి నుంచి నీళ్లతో పాటు అది పెరిగేది.

"పుట్టినకాడి నుంచీ కండ్లారా చూస్తా ఉండా. చూసింది బుర్రకెక్కలేదు. పెరిగేదానికి నీళ్లు గావాల, మొలిచేదానికి నీళ్లు పోవాల. నేను సగమే తెలుసుకుని దాన్ని చంపినా" అంది. ఆమె ఏడవడం నేను మొదటిసారి చూశాను. కొంగు కూడా అడ్డం పెట్టుకోలేదు.

మాఘం వచ్చింది, పెళ్లి వచ్చింది. బాసికాలు కొనడానికి అంకాలమ్మ తానే నా కొట్టుకు వచ్చింది. ఆ రోజు చేతిలో కత్తి లేదు. ఆ నాలుగు పుల్లల్నీ విత్తనానికని వదిలేసిందట. థర్మాకోల్ డబ్బాలు బల్ల మీద పరిచాను. ఒక్కొక్కటీ తీసి గోటితో గీరి చూసింది. తెల్లటి పూసలు రాలాయి.

"బొబ్బట్టు అనుకుని అట్టముక్క కొరికినట్టుంది" అంది. నేను నవ్వబోయి ఆపుకున్నాను. ఆమె నవ్వడం లేదు.

పదహారు రోజుల పండగ నాడు వెన్నెల ఆ థర్మాకోల్ ముక్కనే తీసి గణేష్ వలకు కట్టింది. రమణయ్య పక్కకు తిరిగి బీడీ వెలిగించుకున్నాడు. ఆ తరువాత నుంచి అంకాలమ్మకు ఒక కొత్త పని వచ్చిపడింది. గణేష్ వేటకు పోతే ఒడ్డున నిలబడడం. పడవ కనుమరుగయ్యాక కూడా నిలబడేది. మళ్లీ కనపడేదాకా ఇంట్లో పొయ్యి ముట్టించేది కాదు. చేపలు అమ్ముకోవడానికి అల్లూరు రావడం కూడా తగ్గించింది. మనిషి చిక్కి సగమైంది.

ఎండలు ముదరకముందే ఆమె మళ్లీ పద్మనాభయ్యగారి దగ్గరికి పోయింది. చెరువు కట్ట మీద రైతులు కూర్చుని ఉన్నారు. నేను మా వరిచేను పని మీద అక్కడే ఉన్నాను.

"అయ్యా, తూము ఎత్తండి. ఈ ఏడు చెరువు ఎండాల" అంది.

నరేంద్రబాబు నోరు తెరిచాడు. "పోయినేడు ఆపమన్నది నువ్వే గదా, ఇప్పుడు ఇడవమంటావా? నా చేపలేం గావాల?"

"నేనే. తప్పు నాదే. అందుకే నేనే వచ్చి అడగతా ఉండా."

పద్మనాభయ్యగారు తువ్వాలు మడతపెట్టి భుజాన వేసుకున్నారు. "తప్పేం లేదమ్మా. నువ్వు చెప్పిన మాట ఊరికి మంచే చేసింది. బోర్లు బాగుపడినాయి, గొడ్లకు నీళ్లుండాయి. ఇప్పుడు ఒక్క బెండు కోసం చెరువంతా పారబోస్తే ఈ ఊరికి నేనేం చెప్పుకోను?"

ఆయన మాటలోనూ న్యాయం ఉంది. అదే నా ఒళ్లు మండించింది. ఎదుటివాడు దుర్మార్గుడైతే తిట్టి పోవచ్చు. న్యాయస్థుడితో ఏం చేస్తాం? అంకాలమ్మ దండం పెట్టి లేచింది. కట్ట దిగబోతూ వెనక్కి తిరిగి, "పడమటి మూల నా చాపంత చోటు నేను తోడుకుంటా. దానికి అడ్డం చెప్పబాకండయ్యా" అంది. తోడుకో అన్నట్టు ఆయన చెయ్యి ఊపారు. ముసలమ్మ చాదస్తం అనుకుని ఉంటారు.

పడమటి మూల నీళ్లు పిక్క లోతే. అంకాలమ్మ బురదతో అర్ధచంద్రంగా ఒక గట్టు వేసింది. లోపలి నీళ్లు బయటికి పోయాలి. మోటారు పెట్టిస్తానని రమణయ్య అన్నాడు. మగచెయ్యి పనికిరాదంటే మోటారు ఏ చెయ్యి అని వాదించాడు కూడా. ఆమె వినలేదు. అటక మీది నుంచి పాత గూడ దించింది. రెండు వైపులా తాళ్లున్న ఆ బుట్టను ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి ఊపుతూ నీళ్లు తోడాలి. ఒక్కరి వల్ల కాదు.

నేను ఒక పూట సాయం పోయాను. నా చేతులు బొబ్బలెక్కాయి, నడుము పట్టేసింది. నా తాడు ఒకవైపు లాగితే ఆమె తాడు ఇంకోవైపు, నీళ్లు మా ఇద్దరి మీదే పడ్డాయి. "సుప్రియమ్మా, నువ్వు కొట్టు కాడే బాగుంటావు" అని సాగనంపింది.

మర్నాడు కంపెనీ సెలవు. పెళ్లయినా కంపెనీ పని మానని వెన్నెల తడ నుంచి వచ్చింది. చుడీదార్ ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని, అడగకుండానే రెండో తాడు పట్టుకుంది. మొదట వంకరటింకరగా పోయింది. కాసేపటికి పిల్ల అత్త భుజాల వైపు చూడడం మానేసి తాడు మీద ధ్యాస పెట్టింది. గూడ చప్పున మునిగి, లేచి, గట్టు అవతల నీళ్లు పోసి వచ్చింది. మళ్లీ మునిగింది.

"కంపెనీలో బెల్టు ఆగకండా పోతా ఉంటాది అత్తా. దానికి తగ్గట్టు మనమే పోవాల" అంది వెన్నెల.

"ఆడ బెల్టు, ఈడ గూడ. యాడైనా చాకిరే గదమ్మా నీకు" అంది అంకాలమ్మ. చాలా కాలం తరువాత ఆమె గొంతులో వేళాకోళం విన్నాను.

ఊరుతున్న నీళ్లు మళ్లీ లోపలికి వచ్చేవి. మళ్లీ తోడేవాళ్లు. వెన్నెల ప్రతి సెలవుకూ వచ్చింది. మిగతా రోజుల్లో పాళెం ఆడవాళ్లు ఎవరో ఒకరు తాడు పట్టుకున్నారు. చివరకు ఆ చాపంత నేల బయటపడి, నల్లబడి, బీటలు విచ్చింది. ఎండిన బురద వాసన కొట్టింది. గట్టు అవతల నిండు చెరువు, ఇవతల పగిలిన నేల. చూసినవాళ్లు నవ్వుకున్నారు. అక్కడి కొత్త విత్తనమంటే ఆ నాలుగు పుల్లల కాయలే. మిగతాది ఎప్పుడెప్పుడో పడి, బురదలో కాచుకుని ఉన్న గింజల మీద నమ్మకం.

తొలి జల్లు పడిన వారానికి అంకాలమ్మ పరుగున కొట్టుకు వచ్చింది. బేరగాళ్లు ఉన్నారని కూడా చూడలేదు. "మొలిచింది" అంది. అంతే, వెనక్కి తిరిగి పోయింది. నేను కొట్టు వదిలేసి వెంట పోయాను. బీటల వెంబడి పచ్చటి గీతలు. కొన్ని ఏళ్లుగా ఆ గింజలు మట్టి కింద కళ్లు మూసుకుని కూర్చున్నాయన్నమాట. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

కార్తీకంలో వానలు ఊపందుకున్నాయి. నీళ్లు గట్టు దాటి మెల్లగా లోపలికి వచ్చాయి, మొక్కలూ వాటితో పాటు లేచాయి. మునిగిన కాండానికి బెండు పట్టింది, తెల్లటి కొత్త వేళ్లు నీళ్లలోకి దిగాయి. అంతా బాగుందనుకున్న వేళ తుఫాను వచ్చింది. తెరిపి లేని వాన. అప్పటికే నిండుగా ఉన్న చెరువు ఒక్కపెట్టున పెరిగి, నీళ్లు జీలుగ తలల మీదుగా పోయాయి. మిగులు నీళ్లు పోయే కలుజు పొర్లి పారింది. పడమటి మూల నీళ్లు తప్ప ఇంకేమీ లేదు.

అంకాలమ్మ గొడుగు కూడా లేకుండా కట్ట మీద నిలబడింది. పక్కన వెన్నెల. "నీళ్లు నిదానంగా వస్తే లేస్తాది. ఇట్టా మీద పడితే ఊపిరాడక కుళ్లిపోతాది" అంటూనే ఉంది అంకాలమ్మ. ఎవరికి చెప్తోందో ఆమెకే తెలియదు.

తూము ఎత్తించింది ఎవరో తెలుసా? నరేంద్రబాబు. జీలుగ మీద ప్రేమతో కాదు. కలుజు మీదుగా తన చేపలన్నీ కొట్టుకుపోతున్నాయని లబోదిబోమంటూ పద్మనాభయ్యగారి కాళ్లావేళ్లా పడి, తూము ఎత్తించి మట్టం దింపించాడు. నీళ్లు తగ్గాయి. మూడో పొద్దుకు నీళ్లపైన చీమంత పచ్చదనం కనపడింది. తరువాత ఇంకొకటి. కొన్ని కుళ్లిపోయాయి. చాలావరకు లేచాయి.

పుష్యంలో బెండు పీకారు. అత్తాకోడళ్లు ఇద్దరే నీళ్లలో దిగారు. బెండు చెయ్యంత లావేమీ లేదు. బొటనవేలి కన్నా కాస్త ఎక్కువ. అంకాలమ్మ ఆరబెట్టి, కత్తి ఆనించి, ఆ మచ్చ ఉన్న వేలితో నిదానంగా తిప్పింది. పక్కనే కూర్చున్న వెన్నెల చేతికి కూడా ఒక ముక్క ఇచ్చింది. పిల్ల కత్తిని కదిలించింది. వేలు తెగింది. అంకాలమ్మ కట్టు కట్టి, ఇంకో బెండు చేతిలో పెట్టింది.

నేను పాళెం పోయిన పొద్దు గణేష్ వల ఒడ్డున పరిచి ఉంది. థర్మాకోల్ ముక్క ఎప్పుడో పొడిపొడిగా రాలిపోయింది, దారం మాత్రమే మిగిలింది. వెన్నెల ఆ దారం తెంపేసి, కొత్త బెండును కట్టింది. అంకాలమ్మ ముడి బిగించబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

గణేష్ దాన్ని వేలితో మీటి చూశాడు. "అమ్మా, ఇంత సన్నంగా ఉండాది. ఇది తేలతాదా?"

"తలమీదుగా నీళ్లు పోయినా, ఊపిరి బిగబట్టి పైకొచ్చిందిరా అది. తేలతాది" అంది అంకాలమ్మ.

పడవ అలలు దాటింది. ఎప్పటిలా ఆమె ఒడ్డునే నిలబడుతుందని నేను ఇసుకలో కూర్చోబోయాను. ఆమె అప్పటికే వెనక్కి తిరిగి, కోడలి చెయ్యి పట్టుకుని ఇంటి వైపు నడుస్తోంది. పొయ్యి ముట్టించాలట.